మూడో చెక్కలో మొలిచిన తుమ్మ

మేము వజ్రకరూరు దారిలో బస్సు దిగేసరికి ఎర్రన్న మాకంటే ముందే వచ్చి, పొలం గేటుకు ఆనుకొని సిగరెట్టు కాలుస్తున్నాడు. అతన్ని చూడగానే మా ఆయన చేతిలోని సంచి నాకిచ్చి చొక్కా సర్దుకున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే పోలీసు స్టేషన్లో ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు. నా చేతి వంట ఒకే క్యారియర్లోంచి తిన్నవాళ్లు. ఒకరి మీద ఒకరు అలిగి ఇద్దరూ ఉద్యోగాలు మానేశారు. అనంతపురంలో ఒకే వీధికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్నారు. ఇంత తెలివిగలవాళ్లకు దొంగలు దొరకడమే వింత.

నా పేరు వెంకటలక్ష్మమ్మ. డిటెక్టివ్ జయరాముడి భార్యను. కేసుల్లో ఆడదానికేం పని అని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే. ఆడవాళ్లు ఆయనకు నిజం చెప్పరు, నాకు చెబుతారు. ఈ కేసు దాకా ఆ మాట మీద నాకు మహా నమ్మకం ఉండేది.

కేసు కూడా మా ఇంటిదే. మా పెదనాయన కూతురు చిన్నక్క భర్త ఆదెప్ప బావ ఈ సర్కారు మెట్ట పొలానికి పెద్ద. స్వతంత్రం వచ్చిన మరుసటేడు ఆయన ఈ ఎర్ర నేలను నాలుగు చెక్కలు చేశాడు. మొదటి చెక్కకు ఏమీ వేయడు. రెండోదానికి పశువుల ఎరువు. మూడోదానికి అమ్మోనియా ఎరువు ఒక్కటే. నాలుగోదానికి రెండూ. నాలుగింటిలోనూ ఒకే శనక్కాయ, ఒకే మడక దుక్కి, ఒకే వాన. పద్నాలుగేళ్లుగా ఇందులో మార్పు లేదు. మొదటి ఏళ్లలో మూడో చెక్కే అన్నింటికంటే పచ్చగా నవ్విందట. తర్వాత ఏటికేడు దిగబడి దిగబడి, ఆఖరికి ఏమీ వేయని చెక్క సరసన చేరింది. అమ్మోనియా ఒక్కటే పోస్తే ఈ నేల పులిసిపోతుందనీ, మట్టిలో కంటికి కనపడని జీవాలు తిండి లేక తగ్గిపోతాయనీ, అవి లేకపోతే ఎంత ఎరువు చల్లినా పైరు ఒంటికి పట్టదనీ బావ రాసి పంపాడు. ఎరువు మీద ఆయనకు పగేమీ లేదు. రెండూ వేసిన నాలుగో చెక్కే అన్నిటికంటే బాగా పండుతుందని కూడా ఆయనే రాశాడు. అమ్మోనియా ఒక్కటే వేయడమంటే ఊరగాయ వడ్డించి అన్నం పెట్టకపోవడమే అని నాతో అనేవాడు.

ఈ ఏడు ఎండాకాలంలో బావకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. విత్తనానికి ముందే బళ్లారి ఆసుపత్రిలో పడ్డవాడు ఆగస్టులో గాని ఇల్లు చేరలేదు. సరిగ్గా ఈ ఏడే మూడో చెక్క విరగబడి పచ్చబడింది. గుంతకల్లు ఎరువుల వ్యాపారి కదిరప్ప ఊరుకుంటాడా? పైవాళ్లకు అర్జీ పెట్టాడు. ఆదెప్ప ఏటేటా ఆ చెక్కలో దొంగతనంగా విషమేదో కలిపి ఎరువుకు చెడ్డపేరు తెచ్చాడనీ, మంచాన పడ్డ ఏడు కలపలేకపోయాడు గనుక పైరు దానంతటదే కోలుకుందనీ అందులో ఉంది. ఆ మాట రుజువు చేయడానికి ఎర్రన్నను పెట్టుకున్నాడు. ఆఫీసర్లు మధ్యాహ్నం మూడుకి జీపులో వస్తున్నారు. అర్జీ నిజమని తేలితే రిటైరయ్యే ముందు బావ ఉద్యోగం పోతుంది, పేరు పోతుంది, పద్నాలుగేళ్ల పని చెత్తబుట్టలోకి పోతుంది. చెక్కలన్నీ కలిపి దున్నేస్తారు.

వాదన బలంగానే ఉంది. బస్సులో మా ఆయన అర్జీ సంగతి నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. మమ్మల్ని పిలిపించింది చిన్నక్క. బస్సు కండక్టరుతో ఇదంతా చెప్పి కబురు పంపింది, నీ మొగుడ్ని వెంటబెట్టుకొని రా అని.

“ఏం చెల్లెమ్మా, చిత్రాన్నం తెచ్చినావా?” అన్నాడు ఎర్రన్న నన్ను చూసి.

తెచ్చాను గాని అవతలి పక్షం వాళ్లకు పెట్టనన్నాను. సిగరెట్టు కింద పడేసి నవ్వాడు. మనిషి మంచివాడే. అదే మా ఆయన బాధ.

బావ ఇల్లు పొలంలోనే. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి, నీళ్ల పొయ్యి పక్కనున్న పుల్లల కుప్ప మీద చెయ్యి ఆనిస్తే వేలికి ముల్లు దిగింది. కొంగుతో అదుముకొని లోపలికి వచ్చాను. పల్లెల్లో పొయ్యి దగ్గర ముల్లు గుచ్చుకోవడం ఒక విశేషమా?

బావ వసారాలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. మా ఆయన ఎదురుగా బల్ల మీద కూర్చొని ఒక్కొక్కటే అడిగాడు. మీరు లేనప్పుడు దుక్కి ఎవరు దున్నారంటే, పొలం పనివాడు రామాంజులు దున్నాడన్నాడు. మూడో చెక్కకు ఏం వేశారంటే, ఎప్పటిలాగే అమ్మోనియా అన్నాడు. ఎండాకాలంలో ఆ చెక్కలోకి ఎవరైనా వెళ్లారా అని అడిగితే, అడగడం పూర్తి కాకముందే ఎవరూ పోలేదన్నాడు.

“మంచంలో ఉన్నోడివి, ఎవురూ పోలేదని నీకెట్ల తెల్సన్నా?”

బావ పొలం వైపు ముఖం తిప్పుకొని అన్నాడు. “నేనే పొరపాటు పడినానని రాసియ్యప్పా. విషం కలపలేదు, లెక్క తప్పినా అంతే. ముసలోడు తప్పు లెక్క చేసినాడంటే ఇంటికి పంపిస్తారు. పంపీనీ.”

మా ఆయన నా వైపు చూశాడు. ఒక్క కాయ తక్కువ లెక్కపెట్టాడని రామాంజులును పొద్దంతా నిలబెట్టి మళ్లీ లెక్క పెట్టించిన మనిషి ఆదెప్ప బావ. అలాంటివాడు పద్నాలుగేళ్లు తప్పని రాసిమ్మంటున్నాడు. పోట్లాడాల్సిన మనిషి పోట్లాడకపోతే ఎవరినో కాపాడుతున్నట్టు అని మా ఆయన ఎప్పుడూ అంటుంటాడు. ఆ మాట ఆయన కళ్లలో కనిపించింది.

నా వంతు వంటింట్లో. చిన్నక్క ఉగ్గాని కలుపుతోంది. చెయ్యి కలుపుతున్నా మనసు అక్కడ లేదు, ఉప్పు రెండుసార్లు వేసింది. ఆసుపత్రి సంగతులు చెప్పించాను. డాక్టరు చేతులెత్తేసినంత పని చేశాడనీ, తను వారానికొకసారి బస్సులో వచ్చి గొడ్డుకు గడ్డి చూసుకొని మళ్లీ పోయేదాన్ననీ, ఒక మంగళవారం జ్వరం దిగిందనీ, మళ్లీ ఎగబాకుతుందేమోనని ఆగస్టు దాకా భయపడుతూనే ఉన్నాననీ చెప్పింది. ఇంటికి వచ్చినప్పటి నుంచి బావకు కొత్త వేషాలు వచ్చాయని ఫిర్యాదు కూడా చేసింది. పొద్దున్నే తనే లేచి నీళ్ల పొయ్యి రాజేస్తాడట. జబ్బు మనిషివి, నేను చేస్తానంటే దగ్గరికి కూడా రానివ్వడట. ఫిర్యాదు చేస్తూ మురిసిపోయింది పిచ్చిది.

తర్వాత, బొరుగులు చేత్తో అలా ఎత్తి పోస్తూ, పొలంలో పనిచేసేవాళ్ల ఇంటివాళ్లు తెలీక ఏమైనా చేస్తే సర్కారు ఎవరిని పట్టుకుంటుందని అడిగింది. ఏం చేశావక్కా అన్నాను. ఉప్పు చాలిందేమో చూడమని నా చేతిలో పెట్టింది. నేను ఉప్పు చూశాను. నా మీద నాకున్న మహా నమ్మకం అలా ఏడిసింది.

పదకొండు దాటాక మూడో చెక్కలోకి దిగాం. ఎర్రన్న వెంటే వచ్చాడు. మా ఆయన చెప్పులు గట్టు మీద వదిలేసి ఉత్త కాళ్లతో నడిచాడు. పైరు మోకాటి దాకా కమ్ముకొని ఉంది. ఒక మొక్క పీకి చూపించాడు. వేళ్లకు ఆవగింజల్లా బుడిపెలు. గోటితో గిల్లితే లోపల ఎర్రగా ఉంది. బుడిపెల్లో ఎరుపుంటే అక్కడ సూక్ష్మజీవాలు గాలిలోని బలాన్ని పైరుకు అందిస్తున్నట్టని బావ మాకు ఎన్నిసార్లు పాఠం చెప్పాడో.

ఈశాన్యం మూలకు వచ్చేసరికి ఆయన ఆగిపోయాడు. మంచం పట్టేంత చోటులో పైరు జానెడు కూడా లేదు. ఆకులు పసుపు. అక్కడి మొక్క పీకితే వేళ్లు నున్నగా వచ్చాయి, అక్కడక్కడ ఒకటీ అరా బుడిపె. గిల్లితే లోపల ఎరుపు లేదు.

“ఏమప్పా జయరాముడూ, నా కేసు నువ్వే గెలిపిస్తాండావే,” అన్నాడు ఎర్రన్న. “విషం మూట ఈడ పెట్టుకొని ఉంటాడు మీ బావ. అది కారి ఈ మూల ఇంకా తేరుకోలేదు.”

“మూట కారితే గుండ్రంగా కారుతాది ఎర్రన్నా. ఇట్ల గోడ కట్టినట్టు మూల తిరిగి కారదు.”

నిజమే. పచ్చకూ పసుపుకూ మధ్య గీత నిటారుగా ఉంది. రెండు వైపులా తాడు పట్టి గీసినట్టు ఉంది. ఎర్రన్న వంగి చూసి, ఇంకో సిగరెట్టు తీశాడు. వెలిగించలేదు.

మా ఆయనకు ఇంకోటి కనబడింది. సాళ్ల మధ్య పచ్చటి చోటంతా అక్కడక్కడ చిన్న చిన్న గుంతలు, వేళ్లతో తవ్వినట్టుగా. ఎర్రన్నకు వెంటనే జవాబు దొరికింది. తొలకరి పడితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా చేలల్లో తల వంచుకొని వజ్రాల కోసం తిరుగుతారు కదా, వాళ్లు గిల్లిన గుంతలన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. వజ్రాల వాళ్లు తిరిగేది విత్తనానికి ముందు, తడిసిన నేల మీద మెరుపు కోసం. పైరు కమ్మిన చేనులో వాళ్లకేం మెరుస్తుంది? పైగా తక్కిన మూడు చెక్కల్లో ఒక్క గుంత కూడా లేదు, వజ్రాలు మూడో చెక్కలోనే పుడతాయా అని అడిగాడు.

మా ఆయన జేబులోంచి చాకు తీసి ఒక గుంత లోతు చేశాడు. అడుగున తెగిపోయిన వేరు ముక్క. నిలువుగా కిందికి దిగిన గట్టి వేరు. వాసన చూసి ఎర్రన్న చేతిలో పెట్టాడు.

“తుమ్మ,” అన్నాడు ఎర్రన్న.

“తుమ్మ చెట్లు యాడుండాయి?”

ఎర్రన్న తలెత్తి చూశాడు. దగ్గర్లో ఒక్కటి కూడా లేదు. దూరంగా వంక ఒడ్డున మాత్రమే ఉన్నాయి. తుమ్మ గింజకు రెక్కలు లేవు, గాలికి ఎగిరి రాదు. వస్తే ఒక్క దారిలోనే రావాలి. ఎండాకాలం గడ్డి లేనప్పుడు గొర్రెలు తుమ్మకాయలు తింటాయి. గింజ అరగదు, పెంటికలో పడుతుంది, వాన తగిలితే మొలుస్తుంది. అంటే విత్తనానికి ముందు ఎవరో ఈ చెక్కలో గొర్రెల మంద కట్టించారు. రాత్రిళ్లు తడికలు పాతి గొర్రెలను చేలో నిలబెడితే పెంటికలూ ఉచ్చా నేలలోకి దిగుతాయి. మా సీమలో నేలకు అంతకంటే మంచి భోజనం లేదు. నిటారు గీత తడికల గీత. పద్నాలుగేళ్లు అన్నం ఎరగని మట్టికి అన్నం దొరికింది, దాంట్లోని జీవాలు లేచి కూర్చున్నాయి.

గొర్రెల కాపరి బయ్యన్న ఆ పక్కనే బీడులో మేపుతున్నాడు. పిలిపించి, ఈ ఎండాకాలం ఎక్కడెక్కడ మంద కట్టావని మా ఆయన మామూలుగా అడిగాడు. చెప్పాల్సిన ఊళ్ల పేర్లన్నీ చెప్పి, ఆఖర్న తనే అన్నాడు, “మూడో చెక్కలో మాత్రం నేను కట్టలే సామీ.”

మూడో చెక్క మాట ఎవరెత్తారని ఎర్రన్న గద్దించాడు. బయ్యన్న కంబళి భుజం మార్చుకొని, మాటిచ్చినాను, చంపినా చెప్పనని గొర్రెల వెనక వెళ్లిపోయాడు. పిలిస్తే వెనక్కి కూడా చూడలేదు.

“సరే, గొర్రెలు వచ్చినాయనే అనుకో,” అన్నాడు ఎర్రన్న. “తుమ్మ మొలకలుంటే మీ బావకు మేలు గదా. ఎరువు పడినందుకే పైరు పెరిగిందని చూపించొచ్చు. మరి వాటిని పీకినోడెవడు?”

“ఆయన మేలు కోరనోడు. మీ కదిరప్పకు ఈ పొలంలో మనుషులున్నారా?”

ఎర్రన్న ముఖం ఎర్రబడింది. తన దగ్గరికి వచ్చినవాడు తనతో అబద్ధమాడి ఉంటే తనే వాడి కాలరు పట్టుకొని తెస్తానన్నాడు. అంతకు ముందు రుజువు చూపించమన్నాడు. రుజువు మూడింటిలోపల చూపిస్తానన్నాడు మా ఆయన. పీకినవాణ్ణి పట్టుకోకుండా ఆఫీసర్ల ముందుకు వస్తే బోర్డు పీకేసుకోమన్నాడు ఎర్రన్న. వీధికి ఇంక ఒకే బోర్డు మిగులుతుందని ఇద్దరూ ఒకేసారి అన్నారు. నాకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు, ఎందుకంటే ఎర్రన్న చేతిలోని ఆ వేరు ముక్కను చూస్తూ నా వేలిని నేను నొక్కుకుంటున్నాను. పొద్దున ముల్లు దిగిన చోట ఇంకా సలుపుతోంది.

పరుగున పెరట్లోకి వెళ్లాను. నీళ్ల పొయ్యి పక్కన కుప్ప కదిలించాను. పైన కందికట్టె, అడుగున దోసిళ్లకొద్దీ ఎండిన తుమ్మ మొలకలు. వేళ్లతో సహా పీకినవి. వాటి లేత ముళ్లే నాకు గుచ్చుకున్నది. ఆ పొయ్యి దగ్గరికి చిన్నక్కను కూడా రానివ్వకుండా పొద్దున్నే రాజేసేది ఎవరో నాకు వంటింట్లోనే తెలిసింది, ఉప్పు చూడటంలో పడి మరచిపోయాను.

మా ఆయన ఆ మొలకలు తీసుకెళ్లి బావ ముందు బల్ల మీద పెట్టాడు. బావ పరీక్షల గది అది. సీసాలు, మట్టి డబ్బాలు, పుల్లటి మట్టి తగిలితే ఎర్రబడే కాగితాలు. తలుపు దగ్గరగా వేసి నేను గోడకు ఆనుకున్నాను. నిన్ను కాపాడే సాక్ష్యాన్ని నువ్వే రోజూ స్నానం నీళ్లకు మంట పెడుతున్నావెందుకన్నా అని మా ఆయన అడిగాడు. గొంతులో పోలీసు లేడు, తమ్ముడు ఉన్నాడు.

బావ ఒక మొలకను చేతిలోకి తీసుకున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఆ చెక్కకు పోయి పిడికెడు మట్టి ఎత్తి వాసన చూశాడట. పద్నాలుగేళ్లలో ఆ మట్టికి మెల్లగా వాసన చచ్చిపోయింది. ఆ రోజు వానపడ్డ నేల వాసన కొట్టిందట. తుమ్మ మొలకలు చూశాక ఇంకేం అనుమానం లేదు. తన ఇంట్లోంచి చెప్పనిదే బయ్యన్న ఈ పొలంలో మంద కట్టడని కూడా బావకు తెలుసు.

“బళ్లారిలో నాకు తెలివి వస్తాంది, పోతాంది,” అన్నాడు బావ. “ఒగ దినం మీ వదిన నా తల నిమురుతా చెప్తాంది. ‘మామా, ఆ నేలను ఇన్నేండ్లు పస్తుంచినావు. దాని ఉసురే తగిలింది నీకు. అన్నం పెట్టించినా దానికి. ఇంక నిన్ను వదిలిపెడతాది’ అని. నేను సైన్సు చదివినోణ్ణి జయరాముడూ. ఉసురూ గిసురూ నాకు లేవు. కానీ ఆ మాట ఇన్నంక నాకు బతకాలనిపించింది.”

నాకు కళ్లు నిండిపోయాయి. దాచుకోలేదు.

బావ చెప్పుకుపోయాడు. ఈ సంగతి బయటపడితే ఆఫీసర్లు చిన్నక్కను నిలబెట్టి ప్రశ్నలు వేస్తారు. సర్కారు పరీక్షను పాడుచేసిందంటారు. అదైనా ఓర్చుకోవచ్చు. తనను బతికించుకున్నానని మురిసిపోతున్న మనిషికి, మొగుడి పద్నాలుగేళ్ల పని తన చేత్తోనే చెరిపేశానని తెలిస్తే ఇంక ఆమె ముఖంలో ఆ మురిపెం ఉండదు. అందుకే మొలకలు కనబడ్డప్పుడల్లా పీకి తెచ్చాను, పైరు పెరిగిన కారణం ఎవరికీ తెలీకుండా పోనీ అనుకున్నానన్నాడు. తప్పు లెక్క చేసిన ముసలోడిగా ఇంటికి పోతే తనకేం నష్టం లేదన్నాడు. ఆఖర్న మా ఆయన చెయ్యి పట్టుకొని అడిగాడు, ఈ కేసు ఓడిపొమ్మని.

మా ఆయన జీవితంలో కేసు ఓడిపోవడానికి సిద్ధపడిన ముఖం నేను అప్పుడే చూశాను. మొలకలను తువ్వాలులో చుట్టబోయాడు.

తలుపు తెరుచుకుంది. చిన్నక్క. చేతిలో పార. ఎంతసేపటి నుంచి బయట నిలబడి ఉందో తెలీదు. బావ వైపు మాత్రం చూడలేదు, మా ఆయనతోనే మాట్లాడింది.

“నా నోటితో చెప్పలేకనే గదప్పా నిన్ను పిలిపించుకున్నా. నువ్వు కనుక్కొని చెప్తే ఈయన ముందర నేను నోరు తెరిచే పనుండదనుకొంటి. ఈయనకు ముందే తెల్సని నాకేం తెల్సు.” పార భుజాన పెట్టుకుంది. “రాండి. జీపు వచ్చేలోపల సూడాల్సింది ఒగటుండాది.”

చెక్క మీదికి ఆమె ముందు, మేము వెనక. గట్టు మీద కూర్చున్న ఎర్రన్న లేచి నిలబడ్డాడు. మా ఆయన అతనికి మొలకల సంగతి, పీకింది ఎవరన్న సంగతి రెండే మాటల్లో చెప్పాడు. ఎర్రన్న బావ వైపు చూసి, చేతిలోని సిగరెట్టు పెట్టె జేబులో పెట్టుకున్నాడు. వృత్తి మరచిపోలేదన్నట్టు ఒక్క ప్రశ్న వేశాడు. మంద కట్టేవాడు చెక్కంతా కట్టి ఈ మూల ఎందుకు వదిలేశాడు?

“వదిలెయ్యమని నేనే చెప్పినా బయ్యన్నకు,” అంది చిన్నక్క. పసుపు పైరున్న ఆ మూలలో నిలబడింది. “నేలకు అన్నం పెట్టకుండా ఉండలేకపోయినా. అంతా పెడితే మామ పద్నాలుగేండ్ల కష్టం గంగలో కల్సిపోతాది. లేచొచ్చి సూసుకుంటే ఏమన్నా మిగలాల గదా. అందుకని ఈ మూల ఎట్లున్నింది అట్లే ఉంచినా. ఎరువు మాత్రం ఎప్పుడూ చల్లేదే చల్లించినా.”

మా ఆయన ఊపిరి వదలడం వినబడింది. ఎర్రన్నకు కూడా అర్థమైంది, వెంటనే పైకి అనేశాడు. ఈ ఏడు ఆదెప్ప ఊళ్లో లేడు. విషం కలిపేవాడు లేకపోతే ఈ మూల కూడా కోలుకోవాలి. కోలుకోలేదు. ఇందులో పడింది అమ్మోనియా ఒక్కటే.

చిన్నక్క వినడం లేదు. పారతో మూలలో ఒక చోట తవ్వింది. ఏటా విత్తనం అయ్యాక బావ ప్రతి చెక్కలో నూలు గుడ్డ ముక్క పాతిపెడతాడు. మట్టిలో జీవముంటే గుడ్డను తినేస్తుంది, లేకపోతే గుడ్డ మిగులుతుంది. ఏటా చూసి చూసి ఆమెకు ఆ పని వచ్చు, ఈ ఏడు బావ లేడు గనుక తనే పాతింది. మట్టి దులిపి పైకి తీసింది. మరకలు పడ్డాయి, అక్కడక్కడ పలచబడింది గాని ముక్క ముక్కలాగే ఉంది. ఎర్ర అంచు కూడా చెదరలేదు. తర్వాత గీతకు ఇవతల, పచ్చటి చోట తవ్వింది. అక్కడ గుర్తుగా పెట్టిన రాయి దొరికింది. గుడ్డ లేదు. వెతగ్గా వెతగ్గా అంచు పోగులు రెండు చేతికి వచ్చాయి, పట్టుకోగానే తెగిపోయాయి.

బావ మోకాళ్ల మీద కూలబడి, మూలలోంచి పిడికెడు మట్టి, పచ్చటి చోటు నుంచి పిడికెడు మట్టి ఎత్తి రెండూ వాసన చూశాడు. రెండో పిడికిలి చాలాసేపు వదల్లేదు. పద్నాలుగేళ్లలో చచ్చింది ఒక్క ఎండాకాలం తిండితో ఇంతగా లేస్తుందని తనకు కూడా తెలీదని గొణుక్కున్నాడు. ఇన్నేళ్ల పరీక్షకు ఇంతకంటే మంచి ముగింపు తను కూడా రాసుకోలేడట.

దూరంగా వజ్రకరూరు వైపు దుమ్ము లేచింది. ఎర్రన్న రుమాలు తీసి పరిచి, ఆ గుడ్డ ముక్కను, రాయిని, రెండు పోగులను అందులో పెట్టి జాగ్రత్తగా మడిచాడు.

“ఆఫీసర్లకు నేను చూపిస్తా,” అన్నాడు మా ఆయనతో. “మీ మనిషి చూపిస్తే మీ మాట అంటారు. కదిరప్ప మనిషి చూపిస్తే నమ్ముతారు. ఆయమ్మను ఎవురన్నా ఒగ మాటంటే నేనుండా.”

మా ఆయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడ పడి ఎన్నేళ్లయిందో.

బావ ఇంకా నేల మీదే ఉన్నాడు. ఎర్రన్న చేతిలోని మూట వైపు వేలు చూపించి చిన్నక్కను అడిగాడు. “ఆ ఎర్రంచు నా కొత్త పంచెది గదే. పండక్కు కొనుక్కుంటే ఒగ దినమన్నా కట్టలే. ఆగస్టు నుంచి ఎతుకుతాండా దాన్ని. పాతవి అన్ని ఉండంగా దాన్ని చింపినావే?”

చిన్నక్క అతని పక్కన కూర్చొని, అతని పిడికిలి విప్పి మట్టి దులిపింది.

“పాతవి నువ్వు కట్టుకున్నవి మామా. వాటి మీద నాకు చెయ్యి రాలేదు. అప్పటికి నువ్వొస్తావో రావో తెలీదు గదా.”

జీపు గేటు దగ్గర ఆగింది. వాళ్లిద్దరినీ లేపడానికి మాకెవరికీ మనసు రాలేదు. ఎర్రన్నే మూట పట్టుకొని ఎదురు వెళ్లాడు.